ఐదు పిట్టల పేర్లే తెలిసినా పెరటి లెక్క పంపొచ్చా?

అమ్మా, నమస్కారం. మీది అనంతపురం అన్నారు. ఇంటి వెనక వేపచెట్టు, జామచెట్టు, కరివేపాకు, నాలుగు మందారాలు ఉన్నాయి. ఆరో తరగతి చదివే మీ పాపకు స్కూల్లో ఫిబ్రవరిలో పక్షుల లెక్క ఉంటుందని చెప్పారు. కాకి, పిచ్చుక, గోరింక, పావురం, చిలుక తప్ప మీకు వేరే పేర్లు తెలియవు. కెమెరా లేదు, బైనాక్యులర్స్ లేవు. ఇలాంటి ఇంటి నుంచి పంపే లెక్క ఎవరికైనా పనికొస్తుందా, లేక పిల్లలకు కాలక్షేపమేనా అని మీ ప్రశ్న. సీతాకోకచిలుకలు, ఉడుతలు, తొండలు కూడా రాయొచ్చా అని, మీటరు బాక్సులో ఉన్న పిచ్చుక గూటిని ఏం చేయాలని కూడా అడిగారు.

పనికొస్తుందమ్మా. ఐదు పేర్లతో పంపినా పనికొస్తుంది. ఎంతసేపు చూశారు, ఎన్ని చూశారు, గుర్తుపట్టినవన్నీ రాశారా లేదా, ఈ మూడింట్లో అబద్ధం ఉండకూడదు. అదొక్కటే షరతు. నేను కర్నూలు జిల్లా హైస్కూళ్లలో సైన్సు చెప్పి రిటైరయ్యాను. 2013 నుంచి ఈ లెక్కలు పంపుతున్నాను, పిల్లలతో కూడా చేయించాను. ఇన్నేళ్లలో నేను పంపిన వాటిలో ఎక్కువ భాగం మా పెరటి లిస్టులే. వాటిలో సగానికి పైగా కాకులు, గువ్వలు, పిచ్చుకలే. వాటి గురించి నాకు ఏ నామోషీ లేదు. ఎందుకో చెప్తాను.

మీ పాప స్కూల్లో చెప్పింది గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ గురించి అయి ఉంటుంది. 1998లో అమెరికాలో కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టాయి. 2013లో ప్రపంచమంతా పాల్గొనేలా తెరిచారు, మన దేశం ఆ ఏడాదే చేరింది. ఏటా ఫిబ్రవరి మధ్యలో శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు జరుగుతుంది. స్కూళ్లు, కాలేజీల ఆవరణల్లో అవే రోజుల్లో చేసేదాన్ని క్యాంపస్ బర్డ్ కౌంట్ అంటారు. మన దగ్గర బర్డ్ కౌంట్ ఇండియా వాళ్లు దీన్ని నడిపిస్తారు. లెక్కలన్నీ ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లోకి చేరతాయి, దానికి ఫోన్ యాప్ కూడా ఉంది. డబ్బు కట్టేది లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. కనీసం 15 నిమిషాలు ఒకచోట కూర్చుని చూసి, చూసినవి రాసి పంపాలి, అంతే.

ఇప్పుడు అసలు విషయం. అరుదైన పక్షి కోసం దేశమంతా కెమెరాలు పట్టుకుని తిరిగేవాళ్లు ఉన్నారు. కాకిని లెక్కపెట్టేవాళ్లు తక్కువ. రేపు కాకి తగ్గిందంటే ఆ మాట ఎవరు చెప్పాలి? దాన్ని రోజూ చూస్తున్న మనమే. పాలపిట్టను తీసుకోండి. దసరానాడు అది కళ్లపడితే మంచిదని మా అమ్మ మమ్మల్ని పొలం గట్ల వెంట తీసుకెళ్లేది. కరెంటు తీగ మీద ఒకటి కాకపోతే ఇంకొకటి కనిపించేది. 2018 దాకా మన రాష్ట్ర పక్షి అదే, ఆ తర్వాత రామచిలుక అయింది. 2023లో స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ అని ఒక నివేదిక వచ్చింది. 942 జాతుల పరిస్థితిని అంచనా వేసిన నివేదిక అది. పాలపిట్ట బాగా తగ్గిపోతోందని, ప్రమాదంలో ఉన్న జీవుల ప్రపంచ జాబితాలో దాని స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని అందులో రాశారు. ఆ మాట ఏ ఒక్క శాస్త్రవేత్తో పొలాలు తిరిగి చెప్పింది కాదు. 30,000 మందికి పైగా మనలాంటివాళ్లు పంపిన దాదాపు 3 కోట్ల నమోదుల్లోంచి తేలిన విషయం. పిచ్చుక సంగతీ అంతే. పిచ్చుకలు అంతరించిపోతున్నాయని అందరం అనుకుంటూ వచ్చాం. ఇదే నివేదిక 2020లో మొదటిసారి వచ్చినప్పుడు, దేశం మొత్తం మీద పిచ్చుక నిలకడగానే ఉందని, పెద్ద మహానగరాల్లో మాత్రం తగ్గిందని తేల్చింది. మీ మీటరు బాక్సులో ఉన్నలాంటి పిచ్చుకల్ని ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టబట్టే ఆ మాట చెప్పగలిగారు.

లిస్టు పంపేటప్పుడు యాప్ చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది. మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ రాశారా, అవునా కాదా అని. చాలామంది దీన్ని చదవకుండా నొక్కేస్తారు. మొత్తం లిస్టుకు ప్రాణం ఈ ప్రశ్నే. మీరు ‘అవును’ అంటే, మీరు రాయని పక్షి మీకు కనిపించలేదని, వినిపించలేదని అర్థం. కనిపించలేదన్నదీ సమాచారమే. మీ పెరట్లో 50 లిస్టుల్లో 40 సార్లు పిచ్చుక ఉండి, ఐదేళ్ల తర్వాత 50లో 15 సార్లే ఉంటే, ఏదో జరిగిందని ఎవరైనా పట్టుకోగలరు. బాగున్న పక్షుల్ని రాసి, కాకిని ‘ఇదేముందిలే’ అని వదిలేస్తే ఆ లిస్టుతో ఈ పని జరగదు. ‘గుర్తుపట్టగలిగిన’ అన్న మాట గమనించండి. పేరు తెలియని పిట్ట ఉన్నంత మాత్రాన మీ లిస్టు అసంపూర్ణం కాదు. తెలిసినవాటిని దాచకపోతే చాలు.

ఒక 15 నిమిషాలు ఎలా గడుస్తాయో మా ఇంటి ఉదాహరణతో చెప్తాను. మాది కర్నూలు బి.క్యాంపులో పాత ఇల్లు. వెనక ములగ, నిమ్మ, గోడకు అవతల పక్కింటివాళ్ల పెద్ద వేప. పోయిన ఫిబ్రవరిలో ఒకరోజు పొద్దున 7 గంటలకు కుర్చీ వేసుకున్నాను. కూర్చోగానే మూడు కాకులు పైనుంచి పోయాయి, రాశాను. గోడ మీద పిచ్చుకలు ఆరు. 7:04కి కింద మట్టిలో రెండు గోరింకలు దిగాయి. నిమ్మచెట్టులో రెండు పికిలిపిట్టలు, తోక మొదట్లో కింది వైపు ఎర్రగా ఉంటుంది కదా, అవి. 7:06కి పిల్లి వచ్చింది, పిచ్చుకలన్నీ లేచిపోయాయి. 7:09కి నాలుగు తిరిగొచ్చాయి. ఇప్పుడు పిచ్చుకలు ఎన్ని? ఆరూ నాలుగూ కలిపి పది అని రాయకూడదు. ఆ నాలుగూ ముందు చూసినవే కావచ్చు. కాబట్టి ఆరే. 7:12కి గోడ మీద నాలుగు ఉండగానే తీగ మీద ఇంకో ఐదు కూర్చున్నాయి. ఒకేసారి తొమ్మిది నా కంటి ముందున్నాయి, అప్పుడు ఆరును కొట్టేసి తొమ్మిది రాశాను. బ్రిటన్‌లో 1979 నుంచి నడుస్తున్న పెరటి పక్షుల లెక్కలో కూడా నియమం ఇదే. గంటసేపు చూసి, ఒకేసారి కనిపించిన గరిష్ఠ సంఖ్యను మాత్రమే రాస్తారు. కాకుల్లాగా ఒకే దిక్కుకు ఎగిరిపోతూ తిరిగి రానివాటిని మాత్రం కలుపుకుంటూ పోవచ్చు.

ఈలోగా ఐదు చిలుకలు అరుచుకుంటూ పోయాయి. ములగపూల దగ్గర ఒక తేనెపిట్ట. నిమ్మ పొద లోపలి నుంచి మాత్రం ఏదో ‘టక్... టక్...’ అని, రెండు చిన్న గులకరాళ్లు తట్టినట్టు అంటూనే ఉంది. కంటికి కనపడలేదు. అయినా లిస్టులో రాశాను, ఎందుకంటే ఆ గొంతు నాకు ఇప్పుడు తెలుసు. చెవితో గుర్తుపట్టినా లెక్కే. ఆ పిట్ట పేరు ఇంగ్లీషులో బ్లైత్స్ రీడ్ వార్బ్లర్. పిచ్చుక కంటే సన్నగా, మట్టిరంగులో, ఏ గుర్తూ లేకుండా ఉంటుంది. ఎండాకాలమంతా యూరప్ తూర్పు ప్రాంతాల్లో, మధ్య ఆసియాలో గడిపి, సెప్టెంబరుకల్లా మన పెరళ్లకు వచ్చి, ఏప్రిల్ దాకా ఉంటుంది. నేను ఆ చప్పుడును ఎన్నేళ్లో విన్నాను, ఏదో పురుగు అనుకున్నాను. మీ కరివేపాకులోనో మందారంలోనో చలికాలంలో అది ఉండే అవకాశం చాలా ఉంది. పొద్దున పూట చెవి పెట్టి చూడండి.

పేరు తెలియకపోతే ఊహించి రాయొద్దు. యాప్‌లో ‘గువ్వల్లో ఏదో ఒకటి’, ‘వార్బ్లర్లలో ఏదో ఒకటి’ అని రాసే వీలుంది. అది సిగ్గుపడాల్సిన విషయం కాదు, నేను ఇప్పటికీ రాస్తుంటాను.

గువ్వల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అనంతపురంలో మీరు మొదట తడబడేది అక్కడే. మీరు పావురం అన్నదాన్ని మేడల మీద, గుడి గోపురం మీద చూస్తుంటారు. మెడ ఆకుపచ్చగా, ఊదాగా మెరుస్తుంది, బరువుగా ఉంటుంది. దానికంటే చిన్నవి, నేల మీద గింజలు ఏరుకునేవి గువ్వలు. మన ఊళ్లలో మూడు రకాలు ఎక్కువ. మెడ చూడండి, రంగు తర్వాత. మెడ వెనక నల్లటి పట్టీ మీద తెల్ల చుక్కలు చల్లినట్టుంటే మచ్చల గువ్వ. మెడ వెనక ఒక్కటే నల్లటి అర్ధచంద్రంలాంటి గీత ఉండి, ఒళ్లంతా లేత బూడిద రంగులో ఉంటే మెడపట్టీ గువ్వ, అది మూడింట్లో పెద్దది. గొంతు ముందు వైపు ఎర్రమట్టి రంగు మీద నల్లటి చిన్న చుక్కలుండి, సన్నగా చిన్నగా ఉంటే నవ్వు గువ్వ. ఇంగ్లీషులో లాఫింగ్ డవ్ అంటారు, దాని కూత మెల్లగా నవ్వినట్టుంటుంది కాబట్టి. మన ఎండు నేలల్లో, తుమ్మచెట్లు, ఖాళీ ప్లాట్లు ఉన్నచోట ఎక్కువ కనిపించేది ఇదే.

నేను మొదటి ఏడాది అన్నిటినీ మచ్చల గువ్వలనే రాశాను. గొంతు మీద చుక్కలు చూశాను, పేరులో మచ్చలు ఉన్నాయి, అదే అనుకున్నాను. ఒక పొద్దున 60 అని పంపాను. రెండు రోజులకు ఈమెయిల్ వచ్చింది. ఈబర్డ్‌లో ప్రతి ప్రాంతానికి, ప్రతి నెలకు ఏ పక్షి ఎన్ని కనిపించవచ్చో ఒక హద్దు పెట్టి ఉంచుతారు. అది దాటితే ఆ ప్రాంతం తెలిసిన వాలంటీరు ఒకరు చూసి అడుగుతారు. ‘సార్, 60 మచ్చల గువ్వలు ఒకేచోట అంటే చాలా ఎక్కువ. మెడ ముందు వైపు చూశారా, వెనక వైపు చూశారా?’ అని ఆయన ఎంతో మర్యాదగా అడిగారు. మళ్లీ వెళ్లి ఒక్కోదాన్నీ నిదానంగా చూశాను. దాదాపు అన్నీ నవ్వు గువ్వలే. పాత లిస్టులు తెరిచి అన్నీ సరిచేశాను. మీకూ అలాంటి మెయిల్ రావచ్చు. అది తప్పు పట్టడం కాదమ్మా, టెన్షన్ పడొద్దు. నిజంగా చూశామని నమ్మకం ఉంటే ఏం చూశారో వివరంగా రాయండి. లేకపోతే మార్చేయండి. ఆ ఒక్క మెయిల్ వల్ల నాకు గువ్వల్ని గుర్తుపట్టడం వచ్చింది.

ఇంకో విషయం నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది, చెప్పకుండా ఉండలేను. కొన్నేళ్ల కిందట ఒక కాలేజీలో క్యాంపస్ లెక్కకు పిల్లలకు తోడుగా వెళ్లాను. ఉదయం రెండు గంటలు తిరిగితే 31 జాతులు వచ్చాయి. ముందు ఏడాది 44 వచ్చాయట. లిస్టు పంపే ముందు నిర్వహించేవాళ్లు, పోయిన ఏడాది ఉన్న పక్షులు ఈసారి మాత్రం ఎందుకుండవు, వేసేద్దాం, పేపర్లో వార్తకు బాగుంటుంది అన్నారు. నేను వద్దన్నాను, నా మాట నెగ్గలేదు. ఆ 13 పేర్లు చేరాయి. ఆ ఏడాది ఆ కాలేజీ వెనక చెరువు ఎండిపోయింది, రెండు ఎకరాల్లో చెట్లు కొట్టి పార్కింగ్ చేశారు. ఆ 13 పక్షులు ఎందుకు లేవో ఆ లిస్టే చెప్పాల్సింది. పక్కన నిలబడ్డ పిల్లలు అదంతా చూశారు, అదే నన్ను ఎక్కువగా కుదిపింది. మీ పాప స్కూల్లో ఎవరైనా ‘పక్క స్కూలుకు ఎక్కువ వచ్చాయి’ అంటే, మనకు వచ్చింది ఎంతో అంతే పంపుదామని మీరు గట్టిగా చెప్పండి. ఇది పోటీ కాదు.

ఫోన్ విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఈబర్డ్ యాప్‌లో మీ పేరు మీద అకౌంట్ తెరవండి, పాపకు వేరే అకౌంట్ వద్దు. మీ ప్రాంతపు పక్షుల పేర్ల ప్యాకును ముందే దించుకుంటే సిగ్నల్ లేకపోయినా రాసుకోవచ్చు. కదలకుండా కూర్చుని చూస్తే ‘స్టేషనరీ’, నడుస్తూ చూస్తే ‘ట్రావెలింగ్’. స్కూల్లో పదిమంది కలిసి తిరిగితే ఒక్కరే లిస్టు రాసి మిగతావాళ్లతో షేర్ చేయాలి. పదిమందీ పది లిస్టులు పంపితే అవే ఆరు చిలుకలు అరవై అయిపోతాయి. ఇంటి లొకేషన్‌కు పేరు పెట్టేటప్పుడు డోర్ నంబరు, మీ ఇంటిపేరు పెట్టొద్దు, అది అందరికీ కనిపిస్తుంది. మ్యాపు మీద పిన్నును కూడా వీధి చివర పెట్టండి, లెక్కకు ఏ నష్టమూ లేదు. మెర్లిన్ అనే యాప్ పిట్ట గొంతు విని పేరు చెప్తుంది. చాలా బాగా పనిచేస్తుంది, పాపకు నచ్చుతుంది. కానీ అది చెప్పిందని రాయకండి. అది చెప్పిన పిట్టను వెతికి, మీ కంటితోనో చెవితోనో ఖాయం చేసుకున్నాకే రాయండి. బైనాక్యులర్స్ పెరటికి అక్కర్లేదు. తర్వాత ఎప్పుడైనా కొనాలనిపిస్తే 8×42 అని రాసి ఉన్నది చూడండి, ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, చేతులు వణికినా బొమ్మ ఎక్కువ కదలదు.

ఫిబ్రవరి నాలుగు రోజులతో ఆపేయకండి. ఇది నా మనవి. అదే కుర్చీ, అదే చోటు, అదే 15 నిమిషాలు, వారానికి ఒకసారి. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ చేయొచ్చు. మన ఎండలకు పొద్దెక్కితే పిట్టలు నీడ పడతాయి, కాబట్టి సూర్యుడు వచ్చిన రెండు గంటల్లోపే మంచిది. ఏడాది తిరిగేసరికి మీకు 50 లిస్టులవుతాయి, అప్పుడు మీ పెరటికి ఒక క్యాలెండర్ ఉందని తెలుస్తుంది. బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ ఏ వారం నోరు విప్పింది, ఏ వారం మాయమైంది, కోకిల ఎప్పుడు గొంతెత్తింది, ఇవన్నీ మీ సొంత లెక్కలోనే కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో ఒక పొద్దున మీ జామచెట్టు కింద తోక లేనట్టుండే, ఆకుపచ్చ వీపు, పొట్ట అడుగున ఎరుపు ఉన్న పిట్ట ఆకులు తిరగేస్తూ కనిపిస్తే ఆశ్చర్యపోకండి. అది పొన్నంగి పిట్ట. ఉత్తరాన, మధ్య భారతంలో వానాకాలం పిల్లల్ని పెంచి, రాత్రిళ్లు ఎగురుతూ దక్షిణానికి, శ్రీలంక దాకా పోతుంది. దారిలో అలసి టౌన్ల మధ్య పెరళ్లలో కూడా దిగుతుంది. అలా దిగినప్పుడు దగ్గరికి పోకండి, పిల్లిని, కుక్కను లోపల కట్టేయండి. సాయంత్రానికి దానంతటదే పోతుంది.

పెద్ద గుంపుల్ని ఎలా లెక్కపెట్టాలని మీరు అడగలేదు కానీ, మీకు అవసరమవుతుంది. చలికాలం సాయంత్రాలు గులాబీ గోరింకలు వందల్లో, ఒక్కోసారి వేలల్లో, పొగలా మెలికలు తిరుగుతూ పోతాయి. ఒళ్లు లేత గులాబీ రంగు, తల, రెక్కలు నల్లన. జొన్నచేలు, మిడతలు ఉన్నచోటల్లా వాలతాయి. ఒక్కోదాన్నీ లెక్కపెట్టబోతే తప్పిపోతుంది. గుంపు అంచున పదింటిని లెక్కపెట్టండి. ఆ పది ఆకాశంలో ఎంత చోటు తీసుకున్నాయో కన్నులో నిలుపుకోండి. అలాంటి పది పదులు ఎంతో చూడండి, అది వంద. ఇక వందల్లో కొలుచుకుంటూ పోండి. 740 అని రాయనక్కర్లేదు, 700 అని రాస్తే సరిపోతుంది. మా స్కూల్లో దీన్ని ముందు శనగలతో నేర్పేవాణ్ణి. టేబుల్ మీద ఒక గుప్పెడు చల్లి, మూడు సెకన్లు చూపించి, గుడ్డ కప్పి, ఎన్నని అడిగేవాణ్ణి. నాలుగు రోజులు ఆడితే పిల్లలు పెద్దవాళ్ల కంటే దగ్గరగా చెప్తారు. మీ పాపతో ఈ రాత్రే మొదలుపెట్టొచ్చు.

ఇక సీతాకోకలు, ఉడుతలు, తొండలు. ఈబర్డ్‌లో పక్షులకే చోటు. మిగతా ప్రాణులకు ఐనాచురలిస్ట్ అనే యాప్ ఉంది, మామూలు ఫోన్‌తో తీసిన ఫొటో చాలు. ఫొటో పెడితే ఎక్కడెక్కడివాళ్లో చూసి పేరు చెప్తారు. ఇంకొకరు కూడా అదే పేరు ఒప్పుకుంటే ఆ నమోదు పరిశోధనకు వాడుకునే స్థాయికి చేరుతుంది. అక్కడ లొకేషన్ మసకగా చూపించే ఏర్పాటు ఉంది, ఇంటి ఫొటోలకు అది పెట్టుకోండి. సెప్టెంబరులో బిగ్ బటర్‌ఫ్లై మంత్ అని దేశమంతా సీతాకోకల్ని లెక్కపెడతారు. వానల తర్వాత కాబట్టి మన దగ్గర కూడా అప్పుడే వాటి సందడి.

మీ పెరట్లో దీనికి మొదటి చోటు కరివేపాకు చెట్టు. ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు, నలుపు తెలుపు కలిసిన చిన్న ముద్ద ఉంటే తుడిచేయకండి. దగ్గరికి వెళ్లి ఊదండి. కదిలితే అది గొంగళి పురుగు. నిమ్మ సీతాకోకదో, మార్మన్ సీతాకోకదో పిల్ల అది. పిట్టలు తినకుండా రెట్టలా వేషం వేసుకుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి రెండు కొమ్ముల్లాంటివి బయటపెట్టి ఘాటైన వాసన కొడుతుంది. నేను ఒకసారి తరగతి గదికి కొమ్మతో సహా సీసాలో తెచ్చి పెట్టాను. పది పన్నెండు రోజులకు ఒక ఉదయం ప్రేయర్ అయ్యేసరికి రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంది, ఆ రోజు తరగతిలో ఎవరూ పుస్తకం తెరవలేదు. గొంగళి పురుగు, గూడు, సీతాకోక, మూడింటినీ ఫొటో తీసి పెట్టండి. ఏ చెట్టు మీద పెరిగిందో రాయడం మర్చిపోవద్దు. పెద్ద సీతాకోకల ఫొటోలు లక్షల్లో ఉంటాయి, ఏ ఆకు తిని పెరిగిందన్నది చాలా తక్కువమంది రాస్తారు. ఖాళీ స్థలాల్లో జిల్లేడు, తంగేడు ఉంటే అవి కూడా వెతకండి. జిల్లేడు మీద నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోక పెరుగుతుంది.

ఉడుతను రోజూ ఫొటో తీయక్కర్లేదు, నెలకోసారి చాలు. తొండ మాత్రం తల ఎర్రబడ్డప్పుడు తీయండి, జత కోసం మగది అలా అవుతుంది, ఏ నెలలో అన్నది తెలుస్తుంది. మీ వేపచెట్టుకూ ఒక లెక్క ఉంది. సీజన్‌వాచ్ అని, ఒక చెట్టును ఎంచుకుని వారానికోసారి చిగురు, పువ్వు, కాయ ఎంత ఉన్నాయో రాస్తారు. స్కూళ్లు చాలా చేరాయి. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరికిందా లేదా అన్నది ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. దాన్నే తారీఖుతో రాసి పంపుతారన్నమాట. పాప టీచరుకు దీని గురించి చెప్పండి.

ఎండాకాలం పిట్టలకు నీళ్లు పెట్టాలనుకుంటే మట్టి మూకుడు మంచిది, రెండు వేళ్ల లోతు చాలు. రోజూ కడిగి నీళ్లు మార్చాలి, లేకపోతే దోమలు, పిట్టలకు రోగాలు. మూకుడు పెట్టిన తారీఖును లిస్టు కింద కామెంట్‌లో రాయండి. నీళ్లకు పిట్టలు పెరుగుతాయి, తర్వాత చూసేవాళ్లకు ఎందుకు పెరిగాయో తెలియాలి కదా.

పెరటితో చెయ్యి తిరిగాక చెరువులు ఉన్నాయి. మీకు పక్కనే బుక్కరాయసముద్రం చెరువు, కాస్త దూరంలో శింగనమల చెరువు. జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల లెక్క జరుగుతుంది, 1987 నుంచి ఉంది. బొల్లికోళ్లు, మునుగుడు కోళ్లు, నీటికాకులు, తెడ్డుమూతి కొంగలతో మొదలుపెట్టొచ్చు. హిందూపురం వైపు వెళ్తే చిలమత్తూరు మండలం వీరాపురం చూపించండి పాపకు. ఇళ్ల మధ్య చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కడతాయి, ఊరివాళ్లు వాటిని సొంతవాళ్లలా చూసుకుంటారు. సైబీరియా పక్షులని అంటుంటారు గానీ, అవి మన దేశపు పక్షులే. ఊరివాళ్లతో ఆ వాదన పెట్టుకోకండి. వాళ్లు కాపాడుతున్నారు, అది పెద్ద విషయం.

కడప వైపు లంకమల అడవి గురించి, అక్కడి అరుదైన పక్షి కలివికోడి గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఒక మాట. కలివికోడిని జెర్డాన్ అనే ఆయన కనుగొన్నారు, 1848లో బ్లైత్ అనే ఆయన మొదట వర్ణించారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. అంతకాలమూ శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పక్షికి, ఆ పల్లెల జనం నోట్లో కలివికోడి అన్న పేరు ఉంది. కలివి పొదల మధ్య తిరిగేది కాబట్టి ఆ పేరు. వెతికినవాళ్లు ఆ జనాన్ని అడగబట్టే దొరికింది. మీ అత్తగారో, పాలు పోసే ఆయనో పిట్టకు ఏదైనా పేరు చెప్తే, అది పుస్తకంలో లేకపోయినా నోట్‌బుక్‌లో రాసి పెట్టండి. పసుల పోలిగాడు అన్న పేరు నేను మా ఊళ్లో గొర్రెలు కాసే ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గేదె వీపు మీద కూర్చుని పురుగులు పట్టే, తోక చీలిన నల్లపిట్ట అది. అయితే కలివికోడిని వెతుక్కుంటూ మాత్రం వెళ్లొద్దు. అది అభయారణ్యం, అనుమతి లేనిదే పోకూడదు. ఫోన్‌లో పిట్ట కూతలు పెట్టి పిలవడం అక్కడే కాదు, ఎక్కడా చేయొద్దు. పోటీపిట్ట వచ్చిందనుకుని అవి గూడు వదిలి తిరుగుతాయి.

మీటరు బాక్సు సంగతి. గూడు తీయకండి, గుడ్లున్నాయా అని తలుపు తెరిచి చూడకండి. కరెంటు ఆఫీసు వాళ్లు రీడింగుకు వచ్చినప్పుడు మీరు పక్కన ఉండి నెమ్మదిగా తెరవమని చెప్పండి. పాపను పది అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. గొంతు కింద నల్లగా ఉన్నది మగది, లేనిది ఆడది. అవి నోట్లో గడ్డి తెస్తున్నాయా, పురుగు తెస్తున్నాయా అన్నది చూడమనండి. గడ్డి అయితే గూడు ఇంకా కడుతున్నాయి, పురుగు అయితే లోపల పిల్లలున్నాయి. ఈబర్డ్‌లో పిచ్చుక పేరు పక్కన దీన్ని గుర్తు పెట్టడానికి ఒక కోడ్ ఉంటుంది, అక్కడ ఎంచుకోండి. గుడ్లను లెక్కలో కలపొద్దు. పిల్లలు ఎగిరి బయటికి వచ్చిన రోజు తారీఖు రాసి ఉంచండి. అదే జంట అదే బాక్సులో మళ్లీ గూడు పెట్టొచ్చు, అప్పుడు ఎన్ని రోజుల తేడా వచ్చిందో నాకు రాయండి. మా వరండాలో ట్యూబ్‌లైటు వెనక కూడా ఒక జంట ఉంది, నా దగ్గర మూడేళ్ల తారీఖులున్నాయి.